అక్క గడ్డకు రంగు వేసిన చెల్లెలు

ఆసుపత్రి అడుగు అంతస్తులో, మందుల గది పక్కన ఉన్న పొడవాటి ల్యాబులో పనిచేసే ఆవిడను అందరూ రంగులమ్మ అనే పిలిచేవారు. ఆమె గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఊదా, గులాబి మరకలు ఉండేవి. ఎంత సబ్బు పెట్టి తోమినా పూర్తిగా పోయేవి కావు. కొత్తవాళ్ళెవరైనా చూసి అద్దకం పని చేస్తారా అని అడిగితే, అవునండీ, మనుషుల ముక్కలకు అద్దుతాను అనేది. అడిగినవాళ్ళు మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకునేవారు.

ఆమె చెప్పింది అబద్ధం కాదు. పై అంతస్తుల్లో ఆపరేషన్లు చేసి తీసిన గడ్డలు, ముక్కలు మందునీళ్ళ సీసాల్లో కిందికి వచ్చేవి. పెద్ద డాక్టరమ్మ వాటిని కోసి చూసి, కావలసిన చోట్ల చిన్న ముక్కలు తీసి ఇచ్చేది. వాటిని మైనంలో పెట్టి దిమ్మలు చేయడం, ఆ దిమ్మలను మిషను మీద ఉల్లిపొర కన్నా పలచగా కోయడం, గోరువెచ్చని నీళ్ళ మీద తేలే ఆ పొరను ముడత పడకుండా గాజుపలక మీదికి ఎక్కించడం, దానికి రంగు వేయడం రంగులమ్మ పని. ఆ పలకను మైక్రోస్కోపు కింద పెట్టి అదేమిటో చెప్పడం డాక్టరమ్మ పని. రంగు సరిగా పట్టిందో లేదో చూసుకోవడానికి రంగులమ్మ కూడా ఒక పాత మైక్రోస్కోపులో తొంగి చూసేది. అంతకుమించి చూడాలని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు. సీసా మీద నంబరు ఉంటుంది, నంబరుకు ఏడుపు రాదు, అందుకే ఈ పని చేయగలుగుతున్నాను అనేది.

పెళ్ళి చేసుకోలేదు. నా ఒంటి మందునీళ్ళ వాసనకు వచ్చిన పెళ్ళికొడుకు వచ్చిన దారినే పోతాడని నవ్వేసేది. అక్కా బావల ఇంటికి ఎదురు వాటాలో ఉంటూ రెండు పూటలా వాళ్ళింట్లోనే తినేది. ఆ ఇంట్లో ఆమె రంగులమ్మ కాదు, చిట్టి. తల్లి పోయేనాటికి చిట్టి ఇంకా చెప్పుల పట్టీ పెట్టుకోవడం రాని పిల్ల. పెంచింది అక్కే.

అక్క స్కూలు బస్సు నడిపేది. మనిషి ఎంత దిట్టమో గొంతూ అంతే. ఒకసారి వాలులో బ్రేకులు పట్టకపోతే బస్సును ఇసక కుప్పలోకి ఎక్కించి ఆపింది. లోపల పిల్లలు గొల్లుమంటుంటే వెనక్కి తిరిగి, మన బస్సుకు కూడా ఇసకలో ఆడుకోవాలనిపించిందర్రా అందట. ఆ మాట చెప్పుకుని ఆ వీధిలో చాలాకాలం నవ్వుకున్నారు. అక్కకు భయం అనేది ఒకటి ఉంటుందని చిట్టికి ఎప్పుడూ తోచలేదు.

ఒక సెలవురోజు అక్క షెడ్డులో బస్సు కడుగుతుంటే, చిట్టి ఇంటి తాళంచెవి కోసం అక్కడికి వెళ్ళింది. డ్రైవరు సీటు బెల్టుకు ఒక చేతిరుమాలు మడతపెట్టి కుట్టి ఉంది. ఇదేమిటని అడిగితే అక్క బెల్టు ఒరుసుకుంటోందని మాట దాటేసింది. చిట్టి వదలలేదు. బెల్టు ఎవరికైనా మెడ దగ్గర ఒరుసుకుంటుంది గాని ఎదమీద ఒరుసుకోవడమేమిటి అంది.

అక్క చేతిలోని పైపు కట్టేసింది. "మొదట్లో ఉసిరికాయంత ఉండేదే. ఇప్పుడు బెల్టు దానిమీద నుంచే పోతోంది," అంది, టైరు అరిగిందని చెప్పినంత మామూలుగా.

బస్సు ఎక్కి, అద్దాలు మూసి, అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టి చిట్టి చెయ్యి పెట్టి చూసింది. రోజూ అలాంటివి ఎన్నో చూస్తుంది. కాని అవన్నీ సీసాల్లో చల్లగా, పాలిపోయి ఉండేవి. ఇది వెచ్చగా ఉంది. అక్క ఊపిరి తీసినప్పుడల్లా చేతికింద కదులుతోంది. నున్నగా, గట్టిగా, నారింజపండంత ఉంది. చిట్టి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"నొప్పి ఉందా?"

"లేదు. నొప్పి నాకే లేనప్పుడు నీ మొహం అలా అయిపోయిందేమే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

చిట్టి నవ్వలేకపోయింది. నొప్పిలేని గడ్డలే తన గదికి ఎక్కువగా వస్తాయని అక్కకు చెప్పలేదు.

ఆ వారమే స్కానింగు చేశారు, సూదితో చిన్న ముక్క తీశారు. ఆ ముక్కను బట్టి అది ఆకుగడ్డలా ఉందని, పూర్తిగా తీసి చూస్తేగాని ఏ సంగతీ చెప్పలేమని తేలింది. ఆ పేరు చిట్టి అంతకుముందు విన్నదే. ఇన్నేళ్ళలో ఆ గదికి వచ్చినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఇది మామూలుగా వచ్చే రొమ్ము క్యాన్సరు కాదు, పాలగొట్టాల మధ్య ఉండే నారకండలో పుట్టే గడ్డ. లోపల మడతలు మడతలుగా ఆకుల్లా ఉంటుంది. వీటిలో ఎక్కువభాగం సాధువులే, తీసేస్తే పోతాయి. కొన్ని దుర్మార్గమైనవి, ఊపిరితిత్తుల దాకా పాకుతాయి. ఈ రెంటికీ మధ్య రకం ఒకటుంది. అది తీసిన చోటే మళ్ళీ మొలవవచ్చు. మన ఆకుగడ్డ ఏ మెట్టుమీద ఉందో గడ్డ మొత్తం చూశాకే చెప్తానంది.

చిట్టికి మధ్యమాటలేవీ చెవికెక్కలేదు. ఊపిరితిత్తులు అన్న మాట ఒక్కటి ఎక్కింది. ఆ తరవాత అక్క కాస్త దగ్గినా గుండె గుభేలుమనేది. బావకు మాటలు తక్కువ. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే మనిషి. ఆపరేషను తేదీ చెప్పిన రోజునుంచి ఇంట్లో చక్కగా తిరుగుతున్న ఫ్యాన్లన్నీ ఒక్కొక్కటే దించి విప్పడం మొదలుపెట్టాడు. ఆపరేషను నాటికి ఇంట్లో గాలి అన్నది లేదు. అక్క విసనకర్రతో విసురుకుంటూ, ఆయన నన్నేం చెయ్యలేక వాటిమీద పడ్డాడే, పోనియ్యి అంది.

ఆపరేషను జరిగిన పూట సీసా కిందికి వచ్చింది. మూతమీద నంబరు ఉంది. చిట్టి దాన్ని రెండుచేతులతో అందుకుని బల్లమీద పెట్టింది. ఎప్పుడూ ఒంటిచేత్తో పుచ్చుకునేది.

దీన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమని డాక్టరమ్మ చెప్పింది. ల్యాబులో ఇంకో టెక్నీషియన్ ఉన్నాడు. పని తెలిసినవాడే. అయినా చిట్టి ఒప్పుకోలేదు. పొర ముడత పడితే, రంగు తక్కువైతే, ఉన్నది కనబడకపోతే అని ఆమె భయం. నా చేత్తో చేస్తేనే నేను తట్టుకోగలనంది. డాక్టరమ్మ చాలాసేపు ఆలోచించి సరే అంది.

"ఒక్క షరతమ్మా. పలక నువ్వు తయారుచెయ్యి. చూడ్డం నాకొదిలెయ్. నువ్వు మైక్రోస్కోపులో కళ్ళు పెట్టకూడదు. రంగు పట్టిందో లేదో కూడా నేనే చూసుకుంటాను."

చిట్టి తలూపింది.

డాక్టరమ్మ గడ్డను నడిమికి కోసింది. అడ్డంగా కోసిన క్యాబేజీలా లోపల పొరలు, పొరల మధ్య సందులు. చిట్టి దిమ్మలు చేసింది, కోసింది, మామూలు గులాబి, ఊదా రంగులు వేసింది. పలకల పళ్ళెం డాక్టరమ్మ బల్లమీద పెట్టి తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. అక్కడినుంచి డాక్టరమ్మ వీపే కనబడుతుంది. ఆ వీపు కదలలేదు. మామూలుగా ఒక పలకకు పట్టే సమయం దాటిపోయింది. డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. ఒక పలక తీసి పక్కన పెట్టింది, మళ్ళీ అదే తీసి చూసింది.

తరవాత డాక్టరమ్మ వచ్చి ఉన్నమాట చెప్పింది. ఆకుగడ్డే, అనుమానం లేదు. కాని మెట్టు తేలడం లేదు. ఒకచోట చూస్తే సాధువులా ఉంది, ఇంకోచోట కణాలు కిక్కిరిసి ఉన్నాయి. రెండు ప్రోటీన్ పరీక్షలు చేస్తే కొంత దారి దొరకవచ్చు. అవి తీర్పు చెప్పవు, తీర్పుకు సాయం చేస్తాయి, అంతే అని మరీమరీ చెప్పింది.

ఆ పరీక్షలు చిట్టికి కొట్టినపిండి. కణం రెండుగా చీలడానికి సిద్ధమైనప్పుడు దాని నడుమ ఒక ప్రోటీన్ పుడుతుంది. దాన్ని వెతికి పట్టుకునే మందుచుక్క వేస్తే, ఆ కణం నడిబొడ్డు కాఫీరంగుకు తిరుగుతుంది. దానికి ల్యాబులో కెఐ-67 అని పేరు. కాఫీరంగు చుక్కలు ఎన్ని ఎక్కువుంటే గడ్డకు పెరిగే ఆత్రం అంత ఎక్కువన్నమాట. రెండోది పి-53. అది కణానికి కాపలావాడిలాంటి ప్రోటీన్. మంచి కణంలో ఉండీ లేనట్టుంటుంది. చెడిపోతే మాత్రం కుప్పలుగా పోగుపడి అదీ కాఫీరంగులో కనబడుతుంది.

చిట్టి మందుచుక్కలు వేసింది, కడిగింది, మళ్ళీ వేసింది. రంగు పనిచేస్తోందని తెలియడానికి ప్రతిసారీ పక్కన, ఇదివరకు ఎవరికో తీసి దాచిన ఒక టాన్సిల్ ముక్కకు కూడా వేస్తారు. అందులో చీలే కణాలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి అది తప్పక రంగు తిరగాలి. అంతా అయ్యేసరికి డాక్టరమ్మ మీటింగుకు వెళ్ళిపోయింది. రేపు చూస్తానని కబురు పెట్టింది.

పలకలు అరచేతిలో ఉన్నాయి. పాత మైక్రోస్కోపు మూరెడు దూరంలో ఉంది. రేపటిదాకా ఆగడం తనవల్ల కాదని చిట్టికి తెలిసిపోయింది. ఇచ్చిన మాట గుర్తుంది. అయినా పలక పెట్టి, కళ్ళు ఆనించి, మర తిప్పింది.

కాఫీరంగు. చూసిన చోటల్లా కాఫీరంగే. గుంపులు గుంపులుగా, ఆవాలు ఒలకబోసినట్టు. ఒకచోట తేనెతుట్టెకు ఈగలు మూగినట్టు. పలక జరిపింది. మడతల అంచుల వెంబడి కూడా అవే చుక్కలు, వరసగా.

రంగు ఎక్కువ పడిందేమో, కడగడం సరిపోలేదేమో అనుకుంది. జన్మలో మొదటిసారి తన పని చెడిపోయి ఉండాలని కోరుకుంది. గబగబా టాన్సిల్ పలక తీసి పెట్టింది. అది శుభ్రంగా, ఉండవలసిన చోట ఉండవలసినట్టు ఉంది. రంగు తప్పు కాదు. రెండో పలక పెట్టే ధైర్యం లేకపోయింది.

పగిలిన గాజు వేసే డబ్బా బల్ల కిందే ఉంది. పలకను దానిమీద పట్టుకుని కొంతసేపు నిలబడింది. వదిలేస్తే చాలు, చెయ్యి జారిందని చెప్పవచ్చు. దిమ్మలో ఇంకో వైపునుంచి కోసి, ఇంత రంగు తిరగని చోటు వెతకవచ్చు. అలా అనుకున్నందుకు తనంటే తనకే భయం వేసింది. పలకను తెచ్చి పళ్ళెంలో పెట్టి మూత వేసింది.

ఇంటికి వెళ్ళేసరికి, ముందురోజే ఆసుపత్రినుంచి వచ్చిన అక్క మంచంమీద దిండ్లకు ఆనుకుని ఉంది. గాయంలో ఊరే నీరు దిగే గొట్టంసీసా పక్కన వేలాడుతోంది. బావ వంటింట్లో కుళాయి విప్పుతున్నాడు. చిట్టి ఏవేవో కబుర్లు చెప్పింది. ల్యాబులో లిఫ్టు ఆగిపోయిందంది, వానొస్తుందేమో అంది. అక్క అన్నీ విని దగ్గరికి రమ్మంది.

"నా ఎదురుగా కూర్చుని అబద్ధమాడటం నీకు చిన్నప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. ఏం చూశావే?"

"నేను చూడకూడదక్కా. డాక్టరమ్మ చెప్తుంది."

"నువ్వు చూశావు. నీ మొహమే చెప్తోంది."

చిట్టి చెప్పేసింది. చుక్కల సంగతి చెప్పింది, అవి ఎక్కువున్నాయని చెప్పింది. అంత ఎక్కువ ఉంటే ఏమవుతుందో మాత్రం నోట రాలేదు. వంటింట్లో పానా చప్పుడు ఆగిపోయింది. బావ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు గాని లోపలికి రాలేదు.

అక్క ఏమంటుందోనని ఎదురుచూసింది చిట్టి. ఏదో ఒక వేళాకోళం చేస్తుందనుకుంది. అక్క దుప్పటి అంచు పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. చాలా చిన్నగొంతుతో అంది.

"నాకు భయమేస్తోందే చిట్టీ. ఆ ఉసిరికాయప్పుడే చెప్పాల్సింది నీకు. చెప్తే నిజమైపోతుందని ఊరుకున్నాను."

చిట్టి మంచం పట్టెమీద తల ఆనించి ఏడ్చింది. అక్క ఓదార్చలేదు. తన చెయ్యి చెల్లెలి తలమీద పెట్టి ఉంచింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

మర్నాడు పొద్దున్నే అక్క తానూ వస్తానంది. గొట్టంసీసాను గుడ్డసంచిలో పెట్టుకుని భుజాన తగిలించుకుంది. ఎవరు వద్దన్నా వినలేదు. బావ ఆటో పిలుచుకొచ్చాడు. ల్యాబు గుమ్మంలో అక్క నిలబడితే డాక్టరమ్మ చూసి తెల్లబోయింది.

"అమ్మా, మా చెల్లి చూసేసిందట. రాత్రంతా మా ఇంట్లో ఎవరికీ కన్ను మూతపడలేదు. తిడితే తరవాత తిట్టుకోండి. ముందు అదేంటో చెప్పండి."

డాక్టరమ్మ చిట్టికేసి ఒక్క చూపు చూసింది. తిట్టినా అంత బాధ అనిపించేది కాదు. నేను కూడా ఇంకా చూడలేదని, కాసేపు బయట కూర్చోమని చెప్పింది. వాళ్ళు మెట్లదగ్గర బెంచీమీద కూర్చున్నారు. తలుపు ఎప్పుడు తీస్తారోనని ఎదురుచూడటం పోయి, అసలు తియ్యకపోతేనే బాగుండుననిపించింది చిట్టికి. అక్క గుడ్డసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

లోపలికి పిలిచి డాక్టరమ్మ అక్కాచెల్లెళ్ళిద్దరినీ మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. దానికి ఎదురెదురుగా ఇద్దరు చూసే వీలుంది. మొదట చిట్టిని చూడమంది. నువ్వు భయపడ్డ చోటు చూపించు అంది. చిట్టి ఈగలు మూగినట్టున్న చోటుకు పలక జరిపింది.

"ఇది సూదిపోటు," అంది డాక్టరమ్మ. "ఆపరేషనుకు ముందు సూది గుచ్చి ముక్క తీశారు కదా. ఆ గాయం మానడానికి ఒళ్ళు కొత్త కణాలను పుట్టిస్తోంది. కణం పుట్టాలంటే చీలాలి, చీలితే రంగు తిరుగుతుంది. ఇది గడ్డ ఆత్రం కాదు, ఒంటి మరమ్మతు. ఆ వరసగా ఉన్నవి పాలగొట్టాల లోపలి గోడ. ఆకుగడ్డకు మెట్టు కట్టేటప్పుడు ఆ గోడను లెక్కలోకి తీసుకోం. మధ్యలో ఉన్న నారకండను చూడాలి. నువ్వు గడ్డ తప్ప అన్నీ చూశావమ్మా. తాడును చూసి పామంటే నవ్వుకోవచ్చు. ఇక్కడ ఇంటిల్లిపాదీ చచ్చి బతికారు."

చిట్టి తలెత్తలేదు. డాక్టరమ్మ పలక జరిపి నారకండ చూపించింది. అక్కడ ఎక్కువభాగం చీలకుండా ఊరికే ఉన్న నీలికణాలే. వాటిమధ్య అక్కడొకటి అక్కడొకటి కాఫీరంగు చుక్క. కొన్నిచోట్ల మాత్రం కాస్త దగ్గరదగ్గరగా. అక్క కూడా కళ్ళు ఆనించి చూసింది. ఏమీ అర్థం కాలేదు. అయినా చాలాసేపు చూసింది.

"అయితే మంచిదేనా అమ్మా?" అంది.

డాక్టరమ్మ తొందరపడలేదు. చెడ్డది కాదని చెప్పగలను, పూర్తిగా మంచిదని చెప్పలేను అంది. కాపలా ప్రోటీన్ ఎక్కడా కుప్ప పడలేదు, పలచగా ఉంది. చీలే కణాలు సాధుగడ్డలో కన్నా ఎక్కువ, దుర్మార్గపు గడ్డలో కన్నా తక్కువ. కణాల రూపు, గడ్డ అంచు, మామూలు రంగులో తను లెక్కపెట్టిన చీలికలు కూడా ఆ మాటే అంటున్నాయి. కాబట్టి మధ్య మెట్టు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకవైపు గడ్డ కోత అంచు దాకా వచ్చింది. అక్కడ కొంత మిగిలి ఉండవచ్చు. ఇంకోసారి ఆపరేషను చేసి ఆ చుట్టూ మరికొంత తీయాలి.

మళ్ళీ కోతా అని బావ గుమ్మందగ్గరినుంచి అన్నాడు. ఆ పూటంతటికీ అతనన్నది అదొక్కటే. అక్క మాత్రం ఊపిరి వదిలింది. కాని సంచి పట్టీ వదల్లేదు. ఊపిరితిత్తుల మాట పోయి, మళ్ళీ మొలవడం అన్న మాట వచ్చింది. ఒక భయం దించుకుంటే ఇంకోటి ఎక్కి కూర్చుంది. అది చిన్నదే గాని దిగేది కాదు.

రెండో ఆపరేషను ముక్కను చిట్టి ముట్టుకోలేదు. తనే అడిగి ఇంకో టెక్నీషియన్‌కు ఇప్పించింది. అతను పనిచేస్తున్నంతసేపూ మందుల గదిలో కూర్చుని అట్టపెట్టెలమీద మందుల పేర్లు చదువుకుంది. ఈసారి అంచులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరమ్మ తనే వచ్చి చెప్పింది. విన్నాక కూడా చిట్టి చాలాసేపు ఆ పెట్టెల మధ్యే ఉండిపోయింది.

గాయం మానాక అక్క మళ్ళీ బస్సెక్కింది. బరువు స్టీరింగు తిప్పితే భుజం లాగేది, అయినా మానలేదు. చిట్టి అదే గదిలో అదే పని చేస్తూ వచ్చింది. పాత మైక్రోస్కోపులో టాన్సిల్ పలక తప్ప ఇంకేదీ పెట్టేది కాదు. తనకు తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో ఒకసారి కొలత దొరికిందని చెప్పేది. నంబరుకు ఏడుపు రాదన్న మాట మాత్రం మళ్ళీ ఆమె నోట ఎవరూ వినలేదు.

అప్పుడప్పుడూ స్కానింగుకు రమ్మని డాక్టర్లు చెప్పారు. ఆ రోజు దగ్గరపడే కొద్దీ ఇంట్లో ఫ్యాన్లు కిందికి దిగేవి. మొదటి ఏడాది పూర్తయ్యాక చేసే స్కానింగుకు అక్కాచెల్లెళ్ళిద్దరే వెళ్ళారు. పిలుపు వచ్చేదాకా అక్క చిట్టి మణికట్టు పట్టుకుని కూర్చుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, వదిలాక వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలాయి. లోపలినుంచి వచ్చి, ఏమీ లేదన్నారే అంది. ఆ మాట అంటూనే ఆసుపత్రి మెట్లమీద కూలబడింది.

"కాస్త కూర్చుందామే."

చిట్టి పక్కన కూర్చుంది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు వాళ్ళను తప్పుకుని పోతున్నారు. కొంతసేపయ్యాక మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారని చిట్టి అడిగింది. అక్క చెప్పింది.

"అప్పటిదాకా మాత్రం దాని ఊసెత్తకు," అంది.

చిట్టి ఎత్తలేదు. ఇద్దరూ లేచి బస్టాపుకు నడిచారు.